సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చిల్లర వ్యాపారంలో సామాజిక మాధ్యమాలు

వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో సరుకు చూపించి, ధర మాట్లాడి, కొనేవాళ్లను దుకాణానికి రప్పించుకునే పద్ధతి గత పదేళ్లలో తెలుగు రాష్ట్రాల చిన్న పట్టణాలన్నిటిలో పాతుకుపోయింది. దక్షిణ తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దీన్ని గమనించడానికి అనువైన ఊళ్లు. బట్టల షాపులు, ఫ్యాన్సీ స్టోర్లు, బంగారం దుకాణాలు, మొబైల్ షాపులు, బేకరీలు, ఎరువులు-పురుగుమందుల షాపులు, ఇంట్లోనే చీరలు పెట్టుకుని అమ్మే మహిళలు అందరికీ ఇప్పుడు ఫోనే రెండో కౌంటరు. మహానగరంలో ఈ ప్రచారం మొదటి పని దుకాణం పేరు తెలియనివాళ్లకు తెలియజేయడం. ఇలాంటి ఊళ్లలో షాపు ఎక్కడుందో, ఎవరిదో చాలామందికి ముందే తెలుసు. ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ రావడం మీదే వ్యాపారం నిలబడుతుంది. సామాజిక మాధ్యమాలు బాగా ఉపయోగపడేదీ అక్కడే.

ఊళ్లు, కొనేవాళ్లు

సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ ఆ రహదారికి దక్షిణాన, బీబీనగర్–నడికుడి రైలు మార్గంలో ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. కోదాడ ఆ జిల్లాలోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. 2011 జనగణన నాటికే సూర్యాపేట, మిర్యాలగూడ జనాభా లక్ష దాటింది. కోదాడ వాటికంటే చిన్నది.

పట్టణ జనాభాను బట్టి ఇక్కడి వ్యాపారాన్ని అంచనా వేస్తే తప్పుతుంది. పెళ్లి బట్టలకు, బంగారానికి, ఫ్రిజ్‌కు చుట్టుపక్కల మండలాలు మొత్తం ఈ బజార్లకే వస్తాయి. సూర్యాపేటకు చివ్వెంల, పెన్‌పహాడ్, మోతె వైపు నుంచి, మిర్యాలగూడకు దామరచర్ల, వేములపల్లి, త్రిపురారం వైపు నుంచి, కోదాడకు మునగాల, నడిగూడెం, చిలుకూరు నుంచి జనం వస్తారు. కోదాడకు సరిహద్దు అవతలి జగ్గయ్యపేటతోనూ రాకపోకలు ఎక్కువే. కాబట్టి దుకాణదారుడు ఫోన్‌లో చేరుకోవలసింది పక్కవీధివాళ్లను మాత్రమే కాదు, ఆటోలోనో బస్సులోనో గంట ప్రయాణం చేసి వచ్చేవాళ్లను కూడా.

ఆ జనం చేతిలో డబ్బు ఆడే కాలాన్ని నిర్ణయించేది నీళ్లు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ నుంచి కాల్వలకు నీళ్లు వదిలాక ఎడమ కాల్వ ఆయకట్టులో వరి స్థిరపడింది. మిర్యాలగూడ ఆసియాలోనే పెద్ద రైస్‌మిల్లుల కేంద్రాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. వానాకాలం పంట కోతలు అయ్యాక, యాసంగి ధాన్యం అమ్ముడయ్యాక బజారు కళకళలాడుతుంది. మూఢం వస్తే బంగారం, పట్టుచీరల షాపులు వెలవెలబోతాయి. ఆషాఢంలో తగ్గింపు ధరల పోస్టులు, శ్రావణంలో పెళ్లి చీరలు, బతుకమ్మ ముందు ఆడపిల్లల బట్టలు, దసరాకు ఇంటిల్లిపాదికీ కొత్తవి. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే పెద్దగట్టు లింగమంతులస్వామి జాతర అక్కడి వ్యాపారులకు మరో సీజను. మేడారం తర్వాత తెలంగాణలో అంత పెద్ద జాతర ఇదేనని చెబుతారు. ఏ రోజు ఎన్ని గంటలకు పోస్టు పెట్టాలో చెప్పే సలహాలు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. ఈ మూడు ఊళ్లలో కాల్వ నీళ్లు, పంచాంగం, వడ్ల డబ్బు ఖాతాలో పడే వారం వాటన్నిటికంటే నమ్మకమైన లెక్క.

ఫోనుకు ముందు

దండోరా, మైకు కట్టిన ఆటో, గోడమీద రాత, సినిమాహాల్లో విశ్రాంతి సమయంలో వేసే స్లైడు, పేపర్‌లో మడిచి పంపే కరపత్రం, కేబుల్ టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు. చిన్న దుకాణానికి చాలాకాలం అందుబాటులో ఉన్న ప్రచారం ఇదే. పత్రికా ప్రకటన పెద్ద కంపెనీలకే చెల్లేది. ఆ పరిస్థితిని మార్చింది జిల్లా అనుబంధం. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా సంచికలు తెచ్చింది, తక్కిన తెలుగు పత్రికలూ అదే దారి పట్టాయి. రాష్ట్రమంతటికీ డబ్బు కట్టనక్కరలేకుండా తన జిల్లా పాఠకులకే ప్రకటన ఇచ్చుకునే వీలు చిన్న వ్యాపారికి అప్పుడు దొరికింది. భారతీయ భాషా పత్రికల చరిత్ర రాసిన రాబిన్ జెఫ్రీ ఈ పరిణామాన్ని ప్రత్యేకంగా చర్చించాడు. ఫేస్‌బుక్‌లో మ్యాపు మీద గుండ్రంగా గీత గీసి ఆ లోపలివాళ్లకే ప్రకటన చూపించడం ఆ జిల్లా పేజీ ఆలోచనకు కొనసాగింపే. తేడా ఒకటి ఉంది. జిల్లా పేజీలో ప్రకటన చూసినవాడు అక్కడికక్కడే రేటు అడగలేడు.

2016 నుంచి

2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాక డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. చూపించడానికి డేటా, డబ్బు తీసుకోవడానికి యూపీఐ రెండూ ఒకే ఫోనులోకి చేరాయి. 2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్ యాప్ భారతదేశానికి వచ్చింది, 2019 నవంబరులో దానికి క్యాటలాగ్ తోడైంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. ఆ ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టూ కరోనా కేసులు పెరగడంతో అక్కడ కట్టడి మరింత కఠినమైంది. చీటీ మీద సామాను రాసి, ఫొటో తీసి కిరాణా షాపుకు పంపడం చాలా ఇళ్లకు ఆ రోజుల్లోనే అలవాటైంది. అదే ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడ మొదలయ్యాయి. చిన్న వీడియోలు చూసే అలవాటు ఆగలేదు, వేదిక మారిందంతే.

వాట్సాప్: నంబరు సేవ్ అయితేనే

ఈ ఊళ్ల వ్యాపారానికి అన్నిటికంటే పెద్ద ఆసరా వాట్సాప్. దాని పనితీరులో ఒక చిన్న నియమం మీద మొత్తం కథ నడుస్తుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో ఒక్కోదానిలో 256 మంది వరకు చేర్చుకోవచ్చు. అయితే మన నంబరును తన ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. స్టేటస్ కూడా అంతే. ఇద్దరి ఫోన్లలో ఒకరి నంబరు మరొకరికి ఉంటేనే కనిపిస్తుంది, 24 గంటల తర్వాత పోతుంది. అందుకే ఈ సంగతి తెలిసిన షాపువాళ్లు బిల్లు కట్టేచోటే పని ముగించుకుంటారు. “అక్కా, మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్త సరుకు రాగానే పెడతాం” అని చెప్పి, ఆమె ముందే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి, షాపు పేరుతో సేవ్ అయ్యేదాకా చూస్తారు. ఆ అర నిమిషం శ్రద్ధ వెయ్యి కరపత్రాలకంటే విలువైనదని నా అభిప్రాయం. ఎవరి దగ్గరో ఐదువేల నంబర్లు కొని అందరికీ ఒకే మెసేజ్ కొట్టడం దీనికి పూర్తిగా విరుద్ధమైన పని. తెలియని నంబరు నుంచి వచ్చిన ప్రకటనను జనం బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు. అలాంటివి పెరిగితే వాట్సాప్ ఆ ఖాతానే మూసేస్తుంది.

ఒక చీరల షాపులో ఈ పని ఎలా సాగుతుందో దగ్గరగా చూద్దాం. విజయవాడ వస్త్రలత నుంచో, సికింద్రాబాద్ జనరల్ బజార్ నుంచో మూట దిగుతుంది. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక సేల్స్ అమ్మాయి ఒక్కో చీర మడత విప్పి భుజం మీద వేసుకుంటుంది, ఇంకొకరు ఫోను పట్టుకుంటారు. కొంగు, అంచు, జాకెట్ ముక్క మూడూ కనిపించాలి. ట్యూబ్‌లైటు కింద మెరూన్ రంగు ఎరుపుగా కనిపిస్తుంది కాబట్టి ఒక్క ముక్కయినా గుమ్మం దగ్గర పగటి వెలుతురులో తీయాలి. ఇంటికి వెళ్లాక “వీడియోలో ఉన్న రంగు ఇది కాదు” అనే మాట రాకుండా ఉండాలంటే ఇదే మార్గం. సాయంత్రం ఏడు దాటాక, వంటపని ఒక కొలిక్కి వచ్చే వేళకు స్టేటస్ పెడతారు. జవాబులు వరసగా వస్తాయి. “అన్నా, రెండోది ఎంత?” “పచ్చది ఉందా?” “రేపు వస్తాం, పక్కన పెట్టండి.” పక్కన పెట్టమన్న చీరకు పేరు రాసిన చీటీ గుచ్చి అరలో ఉంచుతారు. అమ్ముడైపోయిన చీరను స్టేటస్‌లోంచి తీసేయడం చాలామంది మరిచిపోయే పని. దాని కోసం మోతె నుంచి ఆటో ఎక్కి వచ్చిన మనిషికి “అయిపోయిందమ్మా” అని చెబితే ఆమె మరోసారి ఆ స్టేటస్ చూసి బయల్దేరదు.

ధర చెప్పాలా వద్దా అన్నది వ్యాపారుల మధ్య నిత్యం నలిగే ప్రశ్న. రేటు పెడితే పక్క షాపువాడు పది రూపాయలు తగ్గించి పెడతాడన్న భయం ఉంది. రేటు కోసం మెసేజ్ చేయండి అని రాస్తే మాటలు కలుస్తాయని మరో లెక్క. కానీ పల్లె నుంచి వచ్చే మనిషికి రేటు తెలియకపోతే ప్రయాణం ఖర్చు పెట్టాలో వద్దో తేల్చుకోవడం కష్టం. అడగడానికి మొహమాటపడి ఊరుకునేవాళ్లు అడిగినవాళ్లకంటే ఎక్కువ. కనీసం ఎంత నుంచి ఎంతవరకు ఉన్నాయో రాయడం మంచిది.

వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్లు కూడా ఉన్నాయి. పెళ్లి ఉన్నవాళ్లు, బాకీ ఉన్నవాళ్లు, పట్టుచీరలు మాత్రమే కొనేవాళ్లు అని విడదీసుకుంటే అందరికీ అన్నీ పంపే అవసరం ఉండదు. రోజుకు ఇరవై ఫొటోలు పంపే షాపును జనం మ్యూట్‌లో పెడతారు.

డబ్బు కట్టే ప్రకటనలు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లో మ్యాపు మీద ఒక చోటు గుర్తించి, చుట్టూ ఎన్ని కిలోమీటర్లో చెప్పవచ్చు. గరిష్ఠంగా 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు. ఎక్కువ మందికి చేరుతుందన్న ఆశతో గీత పెద్దది చేస్తే డబ్బు వృథా అవుతుంది. కోదాడ చుట్టూ 40 కిలోమీటర్లు గీస్తే హుజూర్‌నగర్, జగ్గయ్యపేట లోపలికి వస్తాయి. పెళ్లి పట్టుచీరకు ఆ దూరం సరైనదే. బేకరీ కేకుకు, మొబైల్ రిపేరుకు అది అనవసరం.

లెక్క వేసుకునే తీరు ఒకటి చూడవచ్చు. బతుకమ్మకు ముందు ఒక షాపు 3,000 రూపాయల ప్రకటన ఇచ్చిందనుకుందాం. దానిమీద 18 శాతం జీఎస్టీ 540 కలిపితే ఖర్చు 3,540. ప్రకటన నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునేలా పెట్టారు. 90 మంది మెసేజ్ చేశారు, 20 మంది షాపుకు వచ్చారు, 12 మంది కొన్నారు అనుకుంటే ఒక్కో కొత్త ఖాతాదారుకు పడిన ఖర్చు 295 రూపాయలు. సగటు బేరంలో లాభం 250 అయితే ఆ రోజుకు నష్టమే. ఆ పన్నెండు మంది నంబర్లు సేవ్ అయి, దసరాకో సంక్రాంతికో వాళ్లలో సగం మంది తిరిగొస్తే లెక్క లాభంలోకి మారుతుంది. లైకుల సంఖ్య ఈ లెక్కలో ఎక్కడా రాదు. షాపుకు వచ్చిన ప్రతివాళ్లనూ “ఎక్కడ చూసి వచ్చారమ్మా?” అని అడిగి ఒక నోటుబుక్కులో గీతలు పెట్టుకోవడం ఏ యాప్ చూపించే అంకెకన్నా నికరమైన సమాచారం. జీఎస్టీ నమోదు ఉన్న మామూలు వ్యాపారి ప్రకటన ఖాతాలో తన జీఎస్టీ నంబరు ఇచ్చుకుంటే ఆ 540 మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే వీలుంది. టర్నోవర్ మీద నిర్ణీత శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు.

వీడియో, మాట, మొహం

యజమానే కెమెరా ముందుకు వచ్చే పద్ధతికి తెలుగునాట పేరుమోసిన ఉదాహరణ లలితా జ్యువెలరీ అధినేత కిరణ్ కుమార్. సినిమా తారలతో ప్రకటనలు నడిచే బంగారం వ్యాపారంలో ఆయన తానే నిలబడి తరుగు, మజూరీ గురించి మాట్లాడాడు. భాష విషయంలో దారి చూపింది జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చిన మై విలేజ్ షో. ఊరి మాటను ఊరి మాటగానే మాట్లాడిన గంగవ్వను లక్షల మంది చూశారు, 2020లో ఆమె బిగ్‌బాస్ తెలుగు నాలుగో సీజన్‌లో పాల్గొంది. వార్తలు చదివే గొంతుతో, అరువు తెచ్చుకున్న ఇంగ్లీషు మాటలతో రీల్ చేస్తున్న చిన్న వ్యాపారులు ఈ రెండు సంగతులు గమనించాలి. సూర్యాపేట షాపులో “గీ అంచు సూడుండ్రి” అన్న మాట అక్కడి మనిషి మాట. కోదాడలో తెలంగాణ మాట మీద కృష్ణా జిల్లా యాస కొంచెం వాలుతుంది, అదీ వినడానికి బాగుంటుంది. కౌంటర్ దగ్గర ఎలా మాట్లాడతారో వీడియోలోనూ అలా మాట్లాడితే చూసినవాళ్లకు షాపు కళ్ల ముందు కనిపిస్తుంది.

ఊరి పేరుతో నడిచే ఇన్‌స్టాగ్రామ్ పేజీలకు డబ్బిచ్చి ప్రచారం చేయించుకోవడం పెరిగింది. అలాంటి వీడియో డబ్బు తీసుకుని చేసినదని స్పష్టంగా చెప్పాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఏడాది పొడవునా “ఈ ఒక్కరోజే” అని పోస్టు పెట్టే అలవాటు కూడా ఆ పరిధిలోకే వస్తుంది.

గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం వివరాలు నమోదు చేసుకోవడం ఉచితం. రహదారి మీద ఆగే ప్రయాణికులతో బతికే సూర్యాపేట, కోదాడ హోటళ్లకు, స్వీటు షాపులకు, టైర్ల దుకాణాలకు ఫేస్‌బుక్ పేజీకంటే ఇదే ముందు చేయవలసిన పని. కారులో పోయేవాళ్లు స్టేటస్ చూడరు, మ్యాపు చూస్తారు.

ఎరువుల షాపు ఫోను

బట్టల షాపుల సందడిలో పడి ఎవరూ పెద్దగా పట్టించుకోని రంగం ఎరువులు-పురుగుమందుల వ్యాపారం. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో రైతు వరి మడిలోనే నిలబడి ఆకు ఫొటో తీసి మందుల షాపుకు పంపుతాడు. సుడిదోమా, ఆకుముడతా, అగ్గితెగులా అని అడుగుతాడు. షాపువాళ్లు డబ్బా ఫొటో పంపి మోతాదు వాయిస్ మెసేజ్‌లో చెబుతారు. ఇది ప్రచారంలా కనిపించదు, కానీ పదేళ్లపాటు అదే షాపుకు రప్పించే బంధం ఇదే. ప్రమాదమూ ఇక్కడే ఉంది. ఫొటోలో మొదలు దగ్గర చేరిన దోమ కనిపించదు. అనుమానం ఉన్నచోట వ్యవసాయ విస్తరణ అధికారికి చూపించమని చెప్పే దుకాణదారుడు ఆ పూట ఒక డబ్బా తక్కువ అమ్ముతాడు. రైతు పంట నిలబడుతుంది, ఆ రైతు మాట విని ఊళ్లో ఇంకో పదిమంది ఆ షాపుకే వస్తారు.

పోటీ

మీషో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ పార్సిళ్లు ఇప్పుడు పల్లెలకూ వస్తున్నాయి. ధరలో వాటితో తలపడటం చిన్న దుకాణానికి సాధ్యం కాదు. చేతిలో ఉన్న బలాలు వేరు. సైజు సరిపోకపోతే రేపే మార్చుకోవచ్చు. ఫాల్, జిగ్‌జాగ్, జాకెట్ కుట్టుడు అక్కడే చేయించుకోవచ్చు. వడ్లు అమ్మాక ఇస్తానంటే ఒప్పుకునే ముఖపరిచయం ఉంది. విచిత్రంగా చాలా షాపుల పోస్టుల్లో ఇవేవీ కనిపించవు, తగ్గింపు శాతాలే కనిపిస్తాయి. తమ అసలు బలాన్ని చెప్పుకోకుండా పోటీదారు బలమైన చోటే పోరాడటం బాధ కలిగించే పొరపాటు.

జాగ్రత్తలు

పార్సిల్ పంపడం మొదలుపెట్టిన కోదాడ వ్యాపారికి రాష్ట్ర సరిహద్దు ఒక చిక్కు తెస్తుంది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక జగ్గయ్యపేట పొరుగు రాష్ట్రంలో ఉంది. సూర్యాపేటకు పంపిన చీర రాష్ట్రంలోపలి అమ్మకం, అంతకంటే దగ్గరున్న జగ్గయ్యపేటకు పంపిన చీర అంతర్రాష్ట్ర అమ్మకం. పన్ను వర్తించే సరుకును ఇలా పంపేవాళ్లకు, కొన్ని చేతివృత్తుల వస్తువులకు ఉన్న మినహాయింపు తప్పితే, టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లు అసలు పంపకూడదు. ఇంట్లో చీరలు అమ్మే మహిళల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఎవరో ఒకరు ముందే చెప్పవలసిన విషయం ఇది.

మోసాల్లో ఎక్కువగా కనిపించేది నకిలీ చెల్లింపు స్క్రీన్‌షాట్. రద్దీ వేళ ఫోన్‌లో ఆకుపచ్చ టిక్కు చూపించి సరుకుతో వెళ్లిపోతారు. సౌండ్‌బాక్స్ పలికిందా, బ్యాంకు ఖాతాలో పడిందా అన్నదే చూడాలి. పెద్ద ఆర్డరు ఇస్తామని చెప్పి, డబ్బు పంపడానికంటూ క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టించేవాళ్లూ ఉన్నారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది నంబరు ఎవరిదన్న విషయం. చాలా షాపుల్లో సోషల్ మీడియా పని చురుకైన ఒక కుర్రాడి చేతిలో ఉంటుంది. స్టేటస్ అతని సొంత నంబరు నుంచే పోతుంది. అతను పని మానేసి ఎదురు షాపులో చేరితే మూడేళ్లుగా పోగైన ఖాతాదారులు అతనితోనే పోతారు. ఫేస్‌బుక్ పేజీ అడ్మిన్ హక్కులకూ ఇదే గతి. షాపు పేరుతో వేరే సిమ్ తీసుకుని, రెండంచెల పిన్ పెట్టి, పేజీకి యజమాని ఇంట్లోవాళ్లు ఇద్దరిని అడ్మిన్లుగా ఉంచుకోవాలి. ఆ సిమ్‌కు రీఛార్జి తప్పకూడదు. వాడకం ఆగిన నంబరును టెలికాం కంపెనీ కొన్నాళ్లకు వేరొకరికి ఇచ్చేస్తుంది, 120 రోజులు కదలిక లేని వాట్సాప్ ఖాతా తొలగిపోతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఖాతాదారు ఇచ్చిన నంబరును అనుమతి ఇచ్చిన పనికే వాడాలి, వద్దంటే తీసేయాలి. బిల్లు పుస్తకంలో నంబరు పక్కన “మెసేజ్ సరే” అని ఒక గుర్తు పెట్టుకునే షాపుకు ఆ చట్టం వల్ల పెరిగే పని చాలా తక్కువ.